మన పేట పక్కన పలికిన బొమ్మ

తొలి తెలుగు టాకీ ఎక్కడ తీశారని పిల్లల్ని అడిగి చూడండి. మద్రాసు అంటారు. కాదు, మన బొంబాయిలోనే!

ఇంపీరియల్ కంపెనీ స్టూడియో కెనెడీ బ్రిడ్జి దగ్గర వుండేది. ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి నడిచి వెళ్ళవచ్చు. అర్దేషిర్ ఇరానీ గారు 1931లో ‘ఆలం ఆరా’ తీసిందక్కడే. పక్కనే రైలు పట్టాలు. ఆ రొద పడకుండా బండ్లు ఆగిన అర్ధరాత్రి వేళ చిత్రీకరించేవారట. ఇరానీ గారే హెచ్. ఎం. రెడ్డి గారి దర్శకత్వాన, సురభి నటులతో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీశారు. 1932 ఫిబ్రవరి 6న అది మొదట ఆడిందీ బొంబాయి కృష్ణా సినిమాలోనే.

పూనాలో ప్రభాత్ వారి స్టూడియో 1960లో ఫిల్ము విద్యాలయమై నిలిచింది. ఇంపీరియల్ కంపెనీ 1938లో మూతపడి, ఆ స్థలం జ్యోతి స్టూడియో అయింది. పై రెండు టాకీల ప్రతులూ నేడు లేవు. బొమ్మ పోయినప్పుడు చోటయినా గుర్తుండాలి గదా!

మన చాళ్ళలో పెద్దల నోట విన్న ముచ్చట్లుంటే వ్రాసి పెట్టండి. ఒక ఆదివారం పిల్లల్ని కెనెడీ బ్రిడ్జి దాకా తీసుకువెళ్ళి చూపించండి.