పాత్రికేయ విద్యపై మనకెందుకీ చిన్నచూపు?

పత్రికలు మన సమస్యలను సరిగా రాయడం లేదని మనం తరచు వాపోతుంటాం. కాని మన ఇంట్లో అబ్బాయో, అమ్మాయో జర్నలిజం చదువుతానంటే 'ఆ చదువుతో అన్నం పుడుతుందా?' అని నిరుత్సాహపరుస్తాం. అమెరికాలో కంప్యూటర్ చదువుకైతే పొలం అమ్మడానికి కూడా వెనుదీయని తల్లిదండ్రులే ఈ చదువు మాటెత్తితే ముఖం చాటేస్తారు.

నిజానికి వార్తను విచారించి తెలుసుకోవడం ధర్మం మనకు నేర్పిన పని. నమ్మదగని వాడు వార్త తెస్తే, తెలియక ఎవరికైనా హాని తలపెట్టి తర్వాత విచారించే బదులు, ముందే నిజానిజాలు తేల్చుకోమని దివ్య ఖుర్ఆన్ (హుజురాత్: 6) ఆదేశిస్తోంది. ఇమామ్ బుఖారీ (రహ్మ) చిన్న వయసులోనే తల్లితో, అన్నతో హజ్‌కు వెళ్ళి, వారు తిరిగి వచ్చేసినా విద్య కోసం అక్కడే ఉండిపోయారు. బస్రా, కూఫా, బాగ్దాద్ నగరాలు తిరిగి, ఒక్కొక్క హదీసు ఎవరెవరి ద్వారా వచ్చింది, వారెంత నమ్మదగిన వారు అని ఆరా తీశారు. విద్య కోసం దేశాలు దాటేవారికి ఇంతకన్నా ఆదర్శం ఏం కావాలి?

అలాగని విదేశీ పట్టా ఉంటేనే జర్నలిస్టు అవుతారనుకోవడమూ సరికాదు. దానిష్ సిద్దిఖీ ఢిల్లీలోని జామియా మిల్లియాలో చదివి 2007లో పట్టా పొందారు. కొంతకాలం టీవీలో పనిచేసి 2010లో రాయిటర్స్ సంస్థలో శిక్షణార్థిగా చేరారు. రోహింగ్యా శరణార్థుల చిత్రాలకు సహచరులతో కలిసి 2018లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. 2021 జూలైలో అఫ్ఘానిస్తాన్‌లో విధి నిర్వహణలోనే కన్నుమూశారు.

కాబట్టి మా సలహా ఒక్కటే. ముందు ఇక్కడ చదవాలి. ఉస్మానియాలో ఈ విభాగం 1954 నుంచి ఉంది. తర్వాత తెలుగు పత్రికలో రెండు మూడేళ్ళు పనిచేయాలి. విదేశీ చదువు ఆ పైన. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలకు వడ్డీ రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం 'పఢో పర్‌దేశ్' 2022-23 నుంచి ఆగిపోయింది. వడ్డీ అప్పు జోలికి పోకూడదనుకునే వారు స్కాలర్‌షిప్పులపై దృష్టి పెట్టాలి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్పుకు రెండేళ్ళ పని అనుభవం కావాలి. చదువు ముగిశాక స్వదేశానికి వచ్చి కనీసం రెండేళ్ళు ఉండాలి. ఈ రెండో షరతే మనకు ఎక్కువ మేలు చేసేది. అక్కడ నేర్చుకునేది పని పద్ధతి. రాయవలసిన బతుకులు ఇక్కడే ఉన్నాయి. గల్ఫ్‌లో జీతం అందక తిరిగొచ్చిన కరీంనగర్ కూలీ గోడు తెలుగులో విని తెలుగులో రాసేవాడు కావాలి.

ఇంకొక మాట. మన పిల్లలు పత్రికల్లోకి వెళ్ళేది మన తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి కాదు. సాక్ష్యం మనకో, మన తల్లిదండ్రులకో వ్యతిరేకమైనా న్యాయం వైపే నిలవమని ఖుర్ఆన్ (నిసా: 135) చెబుతోంది. మన వరకట్నాలను, మన వక్ఫ్ భూముల్లో మనవారే చేసిన ఆక్రమణలను కూడా వారు రాస్తారు. దానికీ మనం సిద్ధపడాలి.

ప్రతి పట్టణంలోనూ మసీదు కమిటీ ఏటా ఒక్క విద్యార్థికి ప్రవేశ పరీక్ష రుసుము, పుస్తకాల ఖర్చు భరించినా చాలు. ఈ ఏడాది నుంచే ఆ పని మొదలుపెడదాం.