ఓడెక్కే ముందు మస్టర్

"మొదటిసారి క్రూజ్ ఎక్కుతున్నారా? అయితే ఇవి తెలుసుకోకుండా వెళ్ళకండి" అంటూ మొదలయ్యే వీడియోలు ఈ మధ్య నా ఫోన్లో వరసపెట్టి వస్తున్నాయి. ఒకటి చూస్తే పది వస్తాయి కదా. అన్నిట్లోనూ ఒకటే సరుకు. కెప్టెన్ విందు రోజు ఏ గౌను వేసుకోవాలి, డెక్ మీద ఫొటోకు ఏ రంగు చీర బాగుంటుంది, పిల్లల బట్టలు ఎలా చుడితే సంచిలో ఎక్కువ పడతాయి, ఆయనకు సముద్రం గాలికి తలనొప్పి వస్తే ఏం తీసుకుపోవాలి. ఆడవాళ్ళకు చిట్కాలంటే సంచి సర్దడం గురించేనని ఎవరు తేల్చారో తెలియదు. ఓడలో మగవాడు ప్రయాణికుడు, పిల్లలు ప్రయాణికులు, ఆడమనిషి మాత్రం సామాను మోసుకొచ్చిన మనిషి. నా కోపం దీని మీదే.

మాకెందుకమ్మా ఈ ఓడల గోల, నస్పూర్‌లో సముద్రం ఎక్కడిది అని నవ్వకండి. 2024లో దసరా ముందు సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా అంటూ 796 కోట్లు పంచారు. సగటున ఒక్కో కార్మికుడికి లక్షా తొంభై వేలు. ఆ డబ్బు పడే రోజుల్లో బంగారం కొట్ల వాళ్ళు, ప్లాట్ల వాళ్ళు, బైకుల వాళ్ళు ఎలా వాలతారో మన కాలనీల ఆడవాళ్ళకు తెలుసు. ఇప్పుడు ఆ వరసలో టూర్ల వాళ్ళూ చేరారు. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వెళ్ళే కార్డీలియా ఓడ 2021లో మొదలైంది. అదే ఓడ 2022 జూన్‌లో విశాఖకు కూడా వచ్చి పుదుచ్చేరి, చెన్నై తిప్పింది. పిల్లలు సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్న ఇళ్ళవాళ్ళు అక్కడ ఎక్కుతున్నారు. దిగిపోయిన, అదే రిటైరైన, వాళ్ళ గ్రాట్యుటీలోంచి ఒక ముక్క దీనికి తీస్తున్నారు. తీయనీయండి. ముప్పై ఏళ్ళు మూడు పాలీలకూ అన్నం వండి, తెల్లవారుజామున టిఫిన్ డబ్బా కట్టిన మనిషి నాలుగు రోజులు సముద్రం చూస్తే ఎవరి సొమ్ము పోయింది? నేను క్రూజ్‌కు వ్యతిరేకిని కాను. ఏమీ తెలియకుండా ఆడవాళ్ళను ఎక్కించడానికి వ్యతిరేకిని.

ఓడలో అన్నిటికంటే ముందు జరిగే పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు వింటే మన బెల్టు ఏరియా ఆడవాళ్ళు ఉలిక్కిపడతారు. దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. మస్టరే! నెలలో ఎన్ని మస్టర్లు పడ్డాయో దాన్ని బట్టి జీతం లెక్క చూసుకునే ఇళ్ళు మనవి. ఓడలో మస్టర్ అంటే, ప్రమాదం జరిగితే ఎవరు ఎక్కడ చేరాలో ముందే చూపించి, ప్రతి మనిషీ వచ్చాడా లేదా అని లెక్క రాసుకోవడం. మీరు చేరాల్సిన చోటు గుర్తు మామూలుగా మీ గది కార్డు మీదే ఉంటుంది. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో గదిలోని టీవీలోనో ఫోన్లోనో చూసి, ఆ చోటికి నడిచి వెళ్ళి కార్డు చూపించి రావాలి. మీ మస్టర్ మీ ఆయన వేయడానికి వీల్లేదు. మీరే వెళ్ళాలి. ఇంట్లో మనం ఎన్ని డ్యూటీలు చేసినా ఎవరూ హాజరు వేయరు. ఇక్కడ వేస్తామంటుంటే "నువ్వు వెళ్ళి చూసిరా, నేను బట్టలు సర్దుతా" అని కూర్చునే ఆడవాళ్ళ మీద కూడా నాకు కోపమే.

"అదంతా ఫార్మాలిటీ" అంటారు. బాయి దిగే మనిషి అలా అంటాడా? క్యాప్ ల్యాంప్ తీసుకోకుండా, నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ కట్టుకోకుండా భూమి కిందికి పోనివ్వరు. ముందు శిక్షణ కేంద్రంలో కూర్చోబెట్టి నేర్పిస్తారు. మరి అదే మనిషి కుటుంబంతో బోటెక్కగానే లైఫ్ జాకెట్‌లో ఉక్కపోస్తోందని విప్పి సీటు మీద పడేస్తాడు. పక్కనున్న ఇల్లాలు కూడా ఫొటోలో చీర కనపడటం లేదని విప్పేస్తుంది.

మన నస్పూర్ పక్కనుంచి పారే గోదారే కిందికి పోయి పాపికొండల మధ్య నడుస్తుంది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గండిపోచమ్మ గుడి దగ్గర బయలుదేరిన పర్యాటకుల బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ రోజు నదిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద. బోటులో 70 మందికి పైగా ఉంటే 26 మందే ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. వరంగల్ పక్కన కడిపికొండ నుంచి ఒకే ఊరివాళ్ళు కలిసి వెళ్ళారు. మన మంచిర్యాల జిల్లా పిల్లలూ ఉన్నారు. మునిగిన బోటును 37 రోజుల తర్వాత, అక్టోబర్ 22న, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండటం వల్లే తేలామని బయటపడ్డవాళ్ళు చెప్పారు. అంత వరదలో బోటు ఎందుకు వదిలారన్నది ప్రభుత్వాన్నీ, బోటు వాళ్ళనూ అడగాల్సిన ప్రశ్న, అడగాల్సిందే. కానీ జాకెట్ ఒంటి మీద ఉందా లేదా అన్నది మన చేతిలోది.

నది బోటు వేరు, పది పన్నెండు అంతస్తుల ఓడ వేరు అని మా ఆడబిడ్డ నాతో వాదించింది. ఆమె వచ్చే నెల సింగపూర్‌లో ఓడెక్కుతోంది. వేరే కాదని ఎవరన్నారు వదినా? 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే ఓడ రాయికి కొట్టుకుని పక్కకు ఒరిగింది. అందులో నాలుగు వేల రెండు వందల మందికి పైగా ఉన్నారు. 32 మంది పోయారు. విలాసానికి లోటు లేని ఓడ అది. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే చాలని అప్పటి రూలు, మర్నాడు చేద్దామనుకున్నారు. చనిపోయినవాళ్ళలో మన దేశం నుంచి వెయిటర్‌గా వెళ్ళిన ఒక అబ్బాయి కూడా ఉన్నాడు. దాని తర్వాత అంతర్జాతీయ నియమమే మారింది. 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలి. 32 ప్రాణాలు పోతే వచ్చిన రూలు అది, అదీ ఫార్మాలిటీయేనా?

కూత సంగతి కూడా. షిఫ్ట్ కూత వింటూ పెరిగిన వాళ్ళం, మనకు ఇది కష్టం కాదు. ఓడలో ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వస్తే ప్రమాదమని అర్థం. లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీదుగా మస్టర్ చోటికి పోవాలి. పిల్లలకు కూడా ముందే చెప్పిపెట్టాలి. గదిలో పెద్దవాళ్ళ జాకెట్లే ఉంటే చిన్న సైజు కావాలని గది చూసే మనిషిని ఆ పూటే అడగాలి. ఆ వీడియోల్లో దీనికి అర నిమిషం కూడా కేటాయించరు. గౌనుకు మాత్రం నాలుగు నిమిషాలు.

ఇక డబ్బు. ఓడలో నోట్లు నడవవు. గది తాళం, ఓడ దిగి ఎక్కడం, ఖర్చు, అన్నీ ఒకే కార్డు మీద. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఇస్తారు. మనవాళ్ళేం చేస్తారంటే తీసుకెళ్ళి ఆయన జేబులో పెడతారు. వద్దు. మీ కార్డు, మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. టికెట్‌లో గది, మామూలు భోజనశాలల్లో తిండి, ఆటపాటలు ఉంటాయి. పోర్టు చార్జీలు, పన్నులు చాలాసార్లు విడిగా కలుపుతారు. విదేశీ ఓడల్లో మనిషికి రోజుకింత అని సర్వీసు చార్జీ కూడా వేస్తారు. మందు, ప్రత్యేక హోటళ్ళు, ఇంటర్నెట్, రేవుల్లో తిప్పే బస్సులు మళ్ళీ వేరే ఖర్చు. తీరం దాటాక కాసినో తెరుస్తారు. కార్డు గీకితే నోటు చేయి మారదు కాబట్టి పోయినట్టే అనిపించదు. జీతం రోజున బ్రాందీ షాపు ముందు నిలబడి భర్తను ఇంటికి లాక్కొచ్చిన తల్లులున్న ఊళ్ళు మనవి, నేను విడమర్చి చెప్పక్కర్లేదు. రిసెప్షన్‌కు వెళ్ళి ఇప్పటిదాకా బిల్లు ఎంతయిందో రోజూ అడగొచ్చు. కార్డుకు పరిమితి పెట్టమని కూడా అడగొచ్చు. అడగడానికి ఇంగ్లీషు రాకపోతే ఏం, కార్డు చూపించి "బిల్" అంటే చాలు.

తిండి విషయంలో నాకు కాస్త పేచీ ఉంది. సకినాలు, సర్వపిండి, మామిడికాయ తొక్కు, చివరికి కరెంటు కుక్కర్ కూడా సర్దమని చెప్పే పెద్దలున్నారు. కుక్కరు, కరెంటు కెటిలు, ఇస్త్రీ పెట్టె అగ్గి భయం వల్ల చాలా ఓడల్లో రానివ్వరు. ఎక్కేచోట స్కానింగులో దొరికితే తీసి పక్కన పెడతారు. ఇంట్లో వండింది కూడా చాలాచోట్ల తేనివ్వరు. అసలు వంట నుంచి నాలుగు రోజులు సెలవు దొరికిన మనిషి చేత మళ్ళీ గదిలో అన్నం వండించాలన్న ఆలోచన ఎవరి బుర్రలోదో! పప్పన్నం లేకపోతే నాలుగు రోజుల్లో ఎవరూ చిక్కిపోరు.

ఇంకొన్ని చకచకా చెప్పేస్తాను. వాంతుల భయం ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తు గది అడగండి, ఊపు తక్కువ. మాత్ర డాక్టర్ను అడిగి ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఉపయోగం తక్కువ. గర్భం 24 వారాలకు చేరితే చాలా కంపెనీలు ఎక్కించుకోవు, కడుపుతో ఉన్న కోడలిని తీసుకెళ్ళే ముందు తెలుసుకోవాలి. ఓడలో డాక్టర్ ఉంటాడు కానీ ఫీజు గట్టిగా ఉంటుంది. సింగరేణి ఆసుపత్రి పుస్తకం అక్కడ చూపిస్తే నవ్వుతారు, ప్రయాణ బీమా తీసుకోండి. తీరం వదలగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఓడ నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది. రేవులో దిగితే తిరిగి ఎక్కే సమయం చేతి మీద రాసుకున్నా తప్పులేదు, ఆలస్యమైతే ఓడ ఆగదు.

మా ఆడబిడ్డకు నిన్న ఒక్క పని చెప్పాను. సింగపూర్‌లో ఎక్కి వేరే దేశం రేవు చూసి మళ్ళీ సింగపూర్‌లో దిగితే అది రెండోసారి ఆ దేశంలోకి రావడం కింద లెక్క. అందుకని వీసా మీద ఎన్నిసార్లు రావచ్చని ఉందో చూడమన్నాను. "అవన్నీ మీ అన్నయ్య చూసుకుంటారులే" అంది. చూసుకుంటారు, సరే. కాగితం మీద ఉన్నది నీ పేరు కదా వదినా, నువ్వు కూడా ఒకసారి తెరిచి చదువు అన్నాను. సాయంత్రం ఫోన్ చేసి, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, టికెట్‌లో ఇంకోలా పడిందని చెప్పింది. ఇవాళ ఏజెంట్ దగ్గరికి ఆమే వెళ్తోంది.