మానై వంగునా?

ఈ శీర్షిక క్రింద మేము సాధారణంగా ఇంటిలోని కొళాయిలు, ఫ్యూజులు, నీటి మోటార్లు, గోడల చెమ్మ మొదలైన వాటి బాగోగులను గురించి ముచ్చటిస్తూ వస్తున్నాము. ఈ నెల విషయం కొంత భిన్నమైనది. దానికి నాలుగు కాళ్లు, ఒక తోక ఉన్నవి. విషయం వినగానే కొందరు మిత్రులు ముక్కు మూసుకొనవచ్చును. అయితే మన కాలనీలో కుక్కలను పెంచుకొనే కుటుంబాలు తక్కువేమీ కావు. వాటి మలమూత్రాల కారణంగా ఇరుగుపొరుగుల నడుమ మాటలు నిలిచిపోయిన సందర్భాలూ లేకపోలేదు. కనుక మా ఇంట జరిగినదానిని ఉన్నదున్నట్లుగా పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇందులో మా తెలివి కన్నా మా పొరపాట్లే ఎక్కువ.

2024 మే నెలలో మా చిరకాల సహోద్యోగి ఒకరు పదవీ విరమణ చేసి, హైదరాబాదులో కుమారుని ఫ్లాటుకు తరలిపోయారు. అక్కడ కుక్కకు వీలు లేదు. నాలుగేళ్ల దేశవాళీ ఆడకుక్క, నుదుట తెల్లని మచ్చ, పేరు చుక్క. "మీరైతే దీన్ని చూసుకుంటారండీ" అని గొలుసు మా చేతిలో పెట్టి, వెనుదిరిగి చూడకుండా కారెక్కారు. వారు ఉన్నది చుట్టూ ఖాళీ స్థలం గల క్రింది అంతస్తు క్వార్టరు. మేము ఉండేది రెండవ అంతస్తు. ఇంట మేము దంపతులము, ఎనభై రెండేళ్ల మా అమ్మగారు.

మొదటి వారంలోనే మాకు చిక్కు మొదలైనది. ఉదయం సాయంత్రం పార్కు ప్రక్కన పచ్చికలో అరగంట సేపు త్రిప్పేవాళ్లము. చుక్క ప్రతి చెట్టునూ వాసన చూచి, ఉడుతలను తరిమి, ఏమీ చేయకుండా తిరిగి వచ్చేది. రెండు అంతస్తులు ఎక్కి తలుపు తీయగానే హాలు నడుమ మొజాయిక్ నేల మీద తన పని ముగించేది. ఇది ఒకనాటి మాట కాదు, నిత్యకృత్యం.

సలహాలకు మన కాలనీలో కొదువ లేదు. క్రింది ఇంటి పెద్దమనిషి "మొక్కై వంగనిది మానై వంగునా, సార్" అని నిట్టూర్చారు. మరొకరు వార్తాపత్రికను చుట్టగా చుట్టి రెండు వేయమన్నారు. ఇంకొకరు దాని ముక్కును ఆ మడుగులో రుద్దితే బుద్ధి వస్తుందన్నారు. చెప్పుకొనుటకు సిగ్గుగా ఉన్నది గాని, ఆ రెండూ మేము చేశాము. ఫలితం ఏమిటంటే, చుక్క హాలు మాని బీరువా వెనుకకు వెళ్లసాగింది. బయట అయితే మేము గొలుసు పట్టుకొని నిలిచి ఉండగా మూత్రం పోయుటకే జంకేది. నేల మీద పోయడం తప్పని అది నేర్చుకొనలేదు. మా కంటబడటం ప్రమాదమని మాత్రం నేర్చుకొన్నది.

కుక్క తాను ఆ క్షణాన చేస్తున్న పనినీ, ఆ వెంటనే కలిగిన ఫలితాన్నీ జతపరచుకొంటుంది. గంట తరువాత పడిన దెబ్బ ఎందుకు పడిందో దానికి బోధపడదు. "మరి తప్పు చేసినట్లు తల దించుకొంటుంది కదా" అని అనవచ్చును. 2009లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు ఈ సంగతినే పరీక్షించి చూశారు. ఆ చూపు యజమాని మందలించినప్పుడు ఎక్కువగా కనబడింది. కుక్క నిజంగా తప్పు చేసినదా లేదా అన్న దానితో సంబంధం కనబడలేదు. అనగా మనం నేరాంగీకారం అనుకొనేది మన కోపాన్ని చల్లార్చుటకు అది చేసే వినతి మాత్రమే.

జులైలో ఒక వాన సాయంత్రం మా అమ్మగారు దీపం పెట్టుటకు వస్తూ ఆ తడిలో జారిపడ్డారు. దైవానుగ్రహం వలన ఎముక విరగలేదు, మణికట్టు బెణికింది. ఆ రాత్రి మేము కుక్కను పంపివేయాలని నిశ్చయించుకొన్నాము. తీసుకొనుటకు ఎవరూ ముందుకు రాలేదు. ఒక మిత్రుడు "ఊరు దాటించి హైవే ప్రక్కన వదిలేయండి, అదే బ్రతుకుతుంది" అన్నారు. పెంచిన జంతువును ఆకలి దప్పులకు గురయ్యే విధంగా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే నిజం చెప్పవలెనంటే మమ్ములను ఆపినది ఆ చట్టం కాదు. చేతికి పట్టు వేసుకొని మంచం మీద కూర్చున్న మా అమ్మగారు, "ఇన్నేళ్లు ఇంజనీరువి కదరా నాయనా, మోటారు ఆగిపోతే తీసి పారేస్తావా, ఎందుకు ఆగిందో చూస్తావా?" అని అడిగారు. మా వద్ద సమాధానం లేదు.

మరునాడే పని ప్రారంభించాము. మొదట పశువైద్యుని వద్దకు తీసుకొనివెళ్లాము. ఎదిగిన కుక్క ఇంట్లో మూత్రం పోస్తున్నదంటే మూత్రనాళపు ఇన్ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు వంటివి కారణం కావచ్చును. గర్భసంచి తీయించిన కొన్ని ఆడకుక్కలకు నిద్రలో పట్టు తప్పుతుంది. ముసలి కుక్కలకు మతిమరుపు కూడా వస్తుంది. వీటికి కావలసినది మందు, శిక్షణ కాదు. చుక్క మూత్రపరీక్షలో ఏ దోషమూ లేదు.

రెండవది లాగ్ షీటు. వంటింటి తలుపుకు ఒక కాగితం అంటించి, తిండి ఎప్పుడు, నీరు ఎప్పుడు, విసర్జన ఎప్పుడు, ఎక్కడ అని పది రోజులు వ్రాశాము. కాగితం నిండేసరికి రెండు సంగతులు తేటపడ్డవి. చాలా వరకు నిద్ర లేచిన వెంటనే గాని, తిన్న అరగంటలోపు గాని జరుగుతున్నవి. అన్నీ గట్టి నేల మీదనే. గోనెపట్టా మీద గాని, బాల్కనీలోని మట్టి మీద గాని ఒక్కటీ లేదు.

అప్పుడు హైదరాబాదుకు ఫోను చేశాము. మిత్రుడు కొంత తటపటాయించి, "పగలంతా కారు షెడ్డులో కట్టి ఉంచేవాళ్లమండీ. ఆ గచ్చు మీదే పోసేది. పనిమనిషి రోజూ రెండు బకెట్ల నీళ్లు కొట్టి కడిగేసేది" అన్నారు.

రహస్యం అంతా అక్కడ ఉన్నది. కుక్కలు చిన్ననాట ఏ నేల మీద విసర్జనకు అలవాటు పడితే ఆ నేలనే వెతుక్కుంటాయి. పచ్చిక మీద పెరిగినది పచ్చికనూ, గచ్చు మీద పెరిగినది గచ్చునూ కోరుకుంటుంది. అరికాళ్ల క్రింది స్పర్శ దానికి ఆనవాలు. చుక్క దృష్టిలో పార్కులోని పచ్చిక షికారుకు వెళ్లే చోటు, మా హాలు మరుగుదొడ్డి. అది శిక్షణ లేని కుక్క కానే కాదు. పాత యూనిట్లోని నియమావళిని బదిలీ మీద వచ్చిన తరువాత కూడా పొల్లుపోకుండా పాటిస్తున్న కుక్క!

అందుచేత గచ్చునే బయటికి తీసుకొనిపోవాలని తలచాము. మా బ్లాకు వెనుక ప్రహరీ మూలన వేపచెట్టు ఉన్నది. పిల్లలు ఆడే వైపు కాదు, నడిచే దారి కాదు. సివిల్ విభాగం వారిని అడిగి, పనికిరాని ట్రెంచి మూత పలకను ఒకదానిని అక్కడ వేయించుకొన్నాము. ఇంట్లో దాని మూత్రాన్ని అద్దిన గుడ్డను ఆ పలక మీద రుద్దాము. తరువాత ఈ క్రింది పద్ధతిని అమలు జరిపాము.

మొదటిది వేళ. తిండి రెండు పూటలా ఒకే సమయానికి పెట్టి, ఇరవై నిమిషాల తరువాత పళ్లెం తీసివేయాలి. నీటికి మాత్రం ఆంక్ష ఉండరాదు. నిద్ర లేవగానే, రెండు పూటలా తిన్న పావుగంట తరువాత, మధ్యాహ్నం, పడుకొనే ముందు, ఇట్లు దినానికి ఐదు మార్లు ఒకే దారిన ఒకే చోటికి తీసుకొనిపోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దకుక్క ఆరు నుండి ఎనిమిది గంటలు ఆపుకొనగలదు గాని, నేర్చుకొనే రోజులలో ఆ పరీక్ష పెట్టరాదు.

రెండవది మాట, బహుమానం. అక్కడ నిశ్చలంగా నిలబడాలి. అది మొదలుపెట్టగానే మెల్లగా ఒకే మాట అనాలి. మేము "కానీ" అన్నాము. ముగించిన మరుక్షణమే మెచ్చుకొని ఒక ఇడ్లీ ముక్క ఇచ్చేవాళ్లము. ఇంటికి వచ్చి ఇస్తే అది మెట్లెక్కినందుకు ఇచ్చిన బహుమానం అవుతుంది. 1904లో నోబెల్ బహుమతి పొందిన పావ్‌లోవ్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు మనం చదువుకొన్నవే. సంకేతానికీ తిండికీ మధ్య కాలం ఎంత తక్కువైతే బంధం అంత గట్టిది. కిస్‌మిస్, ఉల్లి, చాక్లెట్ మాత్రం కుక్కలకు హానికరం, వాటిని వాడరాదు.

మూడవది షికారు. చాలామంది పని కాగానే కుక్కను ఇంటికి లాగుకొని వస్తారు. పని ముగిస్తే షికారు ముగుస్తుందని గ్రహించిన కుక్క వీలైనంత సేపు ఆపుకొంటుంది. ముందు పని, తరువాత షికారు అన్నది క్రమం.

నాలుగవది కాపలా. పది నిమిషాలు వేచినా ఏమీ చేయకపోతే ఇంటికి తెచ్చి, స్వేచ్ఛగా వదలక మన ప్రక్కనే గొలుసుతో ఉంచుకొని, ఇరవై నిమిషాల తరువాత మరల తీసుకొనిపోవాలి. ఇంట్లో మొదలుపెడుతూ కనబడితే అరవరాదు, కొట్టరాదు. మెల్లగా చప్పట్లు చరచి దృష్టి మరల్చి బయటికి నడిపించాలి.

ఐదవది శుభ్రత. ఫినాయిల్ వాసన మన ముక్కును మోసగిస్తుంది గాని కుక్క ముక్కును కాదు. మూత్రపు వాసన ఉత్త నీటితో కడిగినంత మాత్రాన పూర్తిగా పోదు. ఆ వాసన మిగిలితే అదే చోటికి మరల పిలుపు వచ్చినట్లే. తడిని ముందు గుడ్డతో అద్ది, సబ్బునీటితో కడిగి, పెంపుడు జంతువుల దుకాణాలలో దొరికే ఎంజైము ద్రావణం పోసి ఆరనివ్వాలి. అమ్మోనియా గల ద్రావణాలు మూత్రపు వాసననే గుర్తు చేస్తాయి. బ్లీచింగు మూత్రంతో కలిస్తే హానికరమైన వాయువు పుడుతుంది. రెండూ పనికిరావు.

మొదటి రోజు నాలుగు మార్లు వృథాగా తిరిగి వచ్చాము. రాత్రి పది గంటలకు తుంపరలో గొడుగు పట్టుకొని నిలబడి ఉండగా, చుక్క పలక మీదికి ఎక్కి మూడు చుట్లు తిరిగి, మా వంక ఒకమారు బెదురుగా చూసింది. మేము తల ప్రక్కకు త్రిప్పుకొన్నాము. అప్పుడు పోసింది. మా శ్రీమతి ఆనందం పట్టలేక "భేష్!" అని అరచిన అరుపుకు క్రింది ఇంట దీపం వెలిగింది.

మూడవ వారం గడిచేసరికి ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. నాలుగవ వారం నుండి పలక మీద గుప్పెడు ఇసుక, తరువాత చేటెడు, తరువాత తట్టెడు చల్లుతూ వచ్చాము. సెప్టెంబరు చివరికి పలకను తీసివేశాము. చుక్క ఇసుక మీదనే, ఆ మూలనే నిలిచింది. దీపావళి టపాకాయల చప్పుడుకు బెదరి రెండు రోజులు ఇంట్లో తప్పింది. అది పొగరు కాదు, భయం. మొదటి వారపు క్రమాన్ని మరల నాలుగు రోజులు నడిపితే సరిపోయింది.

మరియొక మాట. చోటు ఒక్కటైనంత మాత్రాన మన బాధ్యత తీరదు. మలాన్ని ఎప్పటికప్పుడు కాగితంతో గాని, చిన్న పారతో గాని ఎత్తివేయాలి. అందులోని నులిపురుగుల, కొంకిపురుగుల గ్రుడ్లు మట్టిలో చేరి, ఉత్త కాళ్లతో ఆడుకొనే పిల్లలకు సోకగలవు. లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధి మూత్రం ద్వారా వ్యాపిస్తుంది. వైద్యుడు చెప్పిన గడువులకు టీకాలు, నులిపురుగుల మందు వేయించడం పొరుగువారి పట్ల మన కర్తవ్యం.

ఇంతకూ వంగినది ఎవరు? ఆరున్నరకు లేచే మేము ఐదున్నరకు లేస్తున్నాము. పత్రిక చదువుట ఇప్పుడు వేపచెట్టు క్రిందనే. ఏదైనా చెడిపోతే ముందు తిట్టి తరువాత కారణం వెతికే అలవాటు షాపు ఫ్లోరులో కూడా మాకు కొంత తగ్గినదని మా విభాగంలోని కుర్రవాళ్లు అంటున్నారట. ఇంకొన్నేళ్లకు మేము కూడా ఈ క్వార్టరు తాళాలు అప్పగించి, ముదిరిన వయసులో ఏదో ఒక కొత్త నేల మీద అడుగు పెట్టవలసినవారమే. అప్పుడు మా పాత అలవాట్లను ఓర్పుతో చూచేవారు ఉండాలని కోరుకొంటున్నాము.

మా అమ్మగారి మణికట్టు పూర్తిగా నయమైనది. రాత్రి పది గంటలకు గొలుసు చప్పుడు వినబడగానే ఆమె మంచం మీద నుండి "కానీ అయిందా?" అని అడుగుతారు. అయిందని చెప్పిన తరువాతనే నిద్రపోతారు.

వచ్చే నెల మరల కొళాయిల సంగతికి వద్దాము.