పురుషులయందు పాల హార్మోను

పాలను పుట్టించు హార్మోను స్త్రీలకు మాత్రమే యుండునని మన సోదరీమణులలో పెక్కుమంది తలంతురు. ప్రొలాక్టిన్ అను నా హార్మోను పురుషుల రక్తమందును కొంచెముగా నుండును. దానిని స్రవించునది పీయూషగ్రంథి. ముక్కు మొదలునకు వెనుక, మెదడు క్రింద, శనగగింజంత పరిమాణమున నుండును. అందొక గడ్డ పుట్టి ప్రొలాక్టిన్ మితిమీరినచో, పురుషత్వమునకు మూలమైన టెస్టోస్టెరాన్ తగ్గిపోవును. ఈ గడ్డ కాన్సరగుట మిక్కిలి యరుదు.

స్త్రీకి ఈ వ్యాధి వచ్చినచో ముట్టు నిలుచును. ఆమె వైద్యుని కడకేగును. గడ్డ చిన్నదిగా నున్నపుడే బయటపడును. పురుషునకట్టి గుర్తు లేదు. కోరిక సన్నగిల్లును, దాంపత్యమందు శక్తి తప్పును, అలసట పెరుగును. అతడు నెపమును వయసుమీదికి త్రోసి, సిగ్గుచే నోరు విప్పడు. భర్త తనయందు విముఖుడయ్యెనని భార్య లోలోపల కుమిలిపోవును. సంతానము లేనిచో అత్తవారు కోడలినే యాడిపోసికొందురు. ఈ యన్యాయమును తలంచియే మేమీ విషయమును వ్రాయుచున్నారము. ఈలోగా గడ్డ 10 మిల్లీమీటర్లను మించి, పైనున్న చూపునరములను నొక్కును. తలనొప్పి కలుగును. ఎదుట నున్నది కనబడుచునే, ప్రక్కనుండి వచ్చు బండి కానరాదు.

రోగనిర్ణయము కష్టము కాదు. పురుషుని రక్తమందు ప్రొలాక్టిన్ మిల్లీలీటరునకు సుమారు 20 నానోగ్రాములలోపుగా నుండవలెను. 200 దాటినచో వైద్యులు గడ్డనే యనుమానింతురు. స్వల్పముగా హెచ్చినంతమాత్రమున బెంగ వలదు. వాంతులకు వాడు డొంపెరిడోన్, మనోవ్యాధులకిచ్చు కొన్ని మందులు, థైరాయిడ్ లోపము సైతము దానిని పెంచును. కావున ఇంట వాడు మాత్రలన్నిటిని వైద్యునికి చూపవలెను, తమంతట మానరాదు. పిదప ఎం.ఆర్.ఐ. తీసి, ప్రక్కచూపును పరీక్షింతురు.

గడ్డ యనగానే కత్తి జ్ఞప్తికి వచ్చును గాని, ఇచట మొదట నిచ్చునది కాబెర్గోలిన్ మాత్ర. వారమునకొకటి రెండుమారులు, ఆహారముతో పుచ్చుకొనవలెను. పెక్కుమందికి గడ్డ కుంచించుకొనిపోవును. కొందరికి కొలది దినములలోనే చూపు తేటపడును. అయితే ఈ మందు వలన కొందరు జూదమునకో, దుబారాకో, మితిమీరిన కామమునకో లోనగుదురు. దానిని ముందుగా కనిపెట్టునది యిల్లాలే. దాచక వైద్యునికి చెప్పవలెను. మందునకు లొంగనిచో ముక్కు మార్గమున శస్త్రము చేయుదురు. అకస్మాత్తుగా భరింపరాని తలనొప్పి, వాంతులు వచ్చి చూపు తగ్గినచో గడ్డలో రక్తము స్రవించి యుండవచ్చును. ఆ గడియలోనే ఆసుపత్రికి కొనిపోవలెను.

బిడ్డలు కావలెననువారు ప్రకటనలు చూచి టెస్టోస్టెరాన్ సూదులు వేయించుకొనరాదు. అవి వీర్యకణముల నడగించును. ప్రొలాక్టిన్ దిగివచ్చిన పిదప పలువురకు టెస్టోస్టెరాన్ కొన్ని మాసములలో తనంతట పెరుగును.