ఊరికో ఎర్రచుక్క

మీ ఊరి పేరు తెలుగు వికీపీడియాలో ఎప్పుడైనా కొట్టి చూశారా? చూడకపోతే ఇప్పుడే చూసి రండి, నేనిక్కడే ఉంటా.

పేజీలో వివరాల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో రాష్ట్రం మ్యాపు, దాని మీద చిన్న ఎర్రచుక్క. దీన్ని లొకేటర్ మ్యాప్ అంటారు. రోడ్లుండవు, హోటళ్లుండవు, దారి చెప్పదు. 'ఇది ఎక్కడుంది?' అన్న ఒక్క ప్రశ్నకి జవాబిచ్చి ఊరుకుంటుంది.

కిందటి సంక్రాంతికి అమ్మమ్మగారి ఊళ్లో అరుగు మీద కూర్చుని నేనూ ఈ పనే చేశా. బెజవాడ పక్క ఊరు, కృష్ణకి ఉత్తరపు గట్టున ఉంటుంది. పేజీలో అన్నీ బాగానే ఉన్నాయి. మ్యాపు పెద్దది చేసి చూస్తే మాత్రం చుక్క గుంటూరు పక్కన పొలాల్లో ఉంది! పక్కనుంచి తొంగి చూసిన మావయ్య, "ఊరిని ఏకంగా కృష్ణ దాటించేశార్రా! మరి పండగ అక్కడ చేసుకోవాలా, ఇక్కడ చేసుకోవాలా?" అన్నాడు.

ఎలా దాటిందో కనుక్కోడానికి నాకు గంట పట్టింది. బెజవాడ దగ్గర అక్షాంశం 16 డిగ్రీల 31 నిమిషాలు, రేఖాంశం 80 డిగ్రీల 37 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి దశాంశాల్లో రాస్తే 16.52, 80.62 అవ్వాలి. ఎవరో తొందరలో 16.31, 80.37 అని రాసేశారు. గంటన్నరని 1.30 అని లెక్కేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. అంటే ఊరు 23 కిలోమీటర్లు దక్షిణానికి, ఇంచుమించు 27 కిలోమీటర్లు పడమరకి జరిగిపోయింది. సరిగ్గా గుంటూరు పొలిమేర!

సరే, మనం సరిచేద్దాం అని పెన్సిల్ గుర్తు నొక్కా. అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం పెట్టి సేవ్ చేశా. ఊరు ఈసారి నార్వేకి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలింది. గుంటూరే నయం. నేను మళ్లీ పేజీ తెరిచేలోపే ఎవరో సరిచేసేశారు. మార్పుల చరిత్రలో 'అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయి, సరిదిద్దాను' అని ఒక్క లైను. తిట్టలేదు, వెక్కిరించలేదు. ఆ మనిషెవరో నాకు తెలీదు, జీతం తీసుకుని చేసే పని కూడా కాదది. అక్కణ్నుంచి ఈ మ్యాపుల వెనకాల ఎవరెవరున్నారో చూడాలని సరదా పుట్టింది.

ముందు చుక్క సంగతి. ప్రతి ఊరికీ ఒక మ్యాపు గీశారనుకునేవాణ్ని. కాదు. రాష్ట్రానికి ఒకటే ఖాళీ మ్యాపు. దాని నాలుగు అంచులూ ఏ అక్షాంశం, ఏ రేఖాంశం మీదున్నాయో ఒక చోట రాసిపెడతారు. పై అంచు 20 డిగ్రీలు, కింది అంచు 16 అనుకోండి. మీ ఊరు 17 మీదుంటే కింది నుంచి పావు వంతు ఎత్తులో చుక్క పడుతుంది. మిగతాదంతా చిన్న ప్రోగ్రాం చూసుకుంటుంది. ఖాళీ మ్యాపు గీసినవాళ్లు ఒకరు, ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు ఇంకొకరు, మీ ఊరి అంకెలు ఎక్కించింది మరొకరు. వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. గీసినవాళ్లు మన దేశంలోనే ఉండాలని కూడా లేదు. జర్మన్ వికీపీడియాలో మ్యాపుల కోసమే ఒక వర్క్‌షాపు నడుస్తుంది. ఎత్తి చూపాల్సిన ప్రాంతం ఏ రంగులో ఉండాలి, చుట్టుపక్కల ప్రాంతాలకి ఏ లేత రంగు వెయ్యాలి లాంటివి కూడా అక్కడ మాట్లాడుకుని తేల్చుకున్నారు.

ఇంకో తమాషా. ఈ మ్యాపుల్లో చాలావాటి మీద ఒక్క అక్షరమూ ఉండదు. అలసత్వం కాదు, కావాలనే. 'తెలంగాణ' అని రాస్తే అది తెలుగువాళ్లకే పనికొస్తుంది. ఏమీ రాయకపోతే అదే బొమ్మని తమిళం, బెంగాలీ, జపనీస్ పేజీలన్నీ వాడుకోవచ్చు. బొమ్మలన్నీ వికీమీడియా కామన్స్ అనే ఉమ్మడి గోదాంలో ఉంటాయి. అక్కడ అదే పేరుతో కొత్త బొమ్మ పెడితే అన్ని భాషల పేజీల్లోనూ మారిపోతుంది. పైగా వీటిలో చాలావరకు ఎస్‌వీజీ ఫైళ్లు. అంటే పైకి బొమ్మ, లోపల అంతా టెక్స్టు. జిల్లా రంగు మార్చాలంటే కుంచె అక్కర్లేదు, ఒక్క లైనులో రంగు కోడ్ మారిస్తే చాలు.

చుక్కతో సుఖం ఏంటంటే, ఊరు కదలదు. రంగు వేసిన మ్యాపులకి ఆ సుఖం లేదు. ఒక జిల్లాకి ఎరుపు వేసి మిగతావి పాలిపోయినట్టు ఉంచుతారు చూశారా, వాటితోనే వచ్చింది చిక్కంతా. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు కింద ఖమ్మం జిల్లా ఏడు మండలాల్లోని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి, భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. పాత ఖమ్మం గీతని మధ్యలో కత్తిరిస్తే సరిపోదు, ఆ పట్టణం చుట్టూ జాగ్రత్తగా వంపు తిప్పాలి. 2016 దసరా రోజున తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 31 బొమ్మలు గీసి ఊపిరి పీల్చుకునేలోపు 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట. రెండే కదా అనుకుంటున్నారా? ఎరుపు ఒక్క జిల్లాకే అయినా ప్రతి బొమ్మలోనూ మిగతా జిల్లాల గీతలుంటాయి. కాబట్టి 33 బొమ్మలూ మళ్లీ కొత్తగా చెయ్యాల్సిందే. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అప్పుడు ఫైళ్ల పేర్ల గోల. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26.

ప్రభుత్వం జీవో ఇస్తే ఒక రోజులో పని అయిపోతుంది. ఏ మండలం ఎటు పోయిందో జీవో ముందేసుకుని గీత గీసేవాడికి రాత్రిళ్లు పడతాయి. గూగుల్ మ్యాప్ మీద పెట్టి దిద్దేద్దామంటే కుదరదు, అది వాళ్ల సొత్తు. ఎవరైనా వాడుకోగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి చోటు నుంచే సరిహద్దులు తెచ్చుకోవాలి. ఆ గీతలు గీసింది కూడా మళ్లీ మనలాంటి వలంటీర్లే.

ఇక్కడ ఒక తగువుంది, నేనెటు వైపో చెప్పేస్తా. కొత్త మ్యాపు రాగానే పాతదాని మీదే పెట్టెయ్యాలని కొందరంటారు. అలా చేస్తే 2014 నాటి తెలంగాణ గురించి రాసిన పేజీలో కూడా 33 జిల్లాలు కనిపిస్తాయి. అప్పుడున్నవి పదే కదా! పాత మ్యాపు తప్పు కాదు, దాని కాలానికి అదే ఒప్పు. ఏడాది పేరు పెట్టి విడిగా దాచాలన్నదే నా ఓటు.

దేశం గీతల దగ్గరికొస్తే తగువు ఇంకా పెద్దది. సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుకి తేడాగా భారతదేశాన్ని చూపిస్తే ఆరు నెలల దాకా జైలు పడొచ్చని 1961 నాటి చట్టం ఉంది. వికీపీడియా మ్యాపుల్లో వివాదంలో ఉన్న ప్రాంతాన్ని వేరే రంగుతోనో గీతలతోనో చూపించడం మామూలు. భారత్-భూటాన్ సంబంధాల పేజీలోని మ్యాపులో అక్సాయ్ చిన్‌ని చూపించిన తీరు మీద 2020లో మన ప్రభుత్వం వికీపీడియాకి నోటీసే ఇచ్చింది. మన దేశంలో కూర్చుని మ్యాపు గీసే కుర్రాడి తలనొప్పి ఎంతో ఆలోచించండి.

మన ఊళ్ల దగ్గర అంత గొడవ లేదు, చూసే కళ్లు లేవు అంతే. జర్మనీలో కూర్చున్నాయన రాష్ట్రం గీతని ఎంత ముచ్చటగా గీసినా, మా అమ్మమ్మగారి ఊరు కృష్ణకి ఏ గట్టునుందో ఆయనకెలా తెలుస్తుంది? చుక్క గుంటూరు పక్కనున్నా ఆయన కంటికి బాగానే కనిపిస్తుంది. అది చూసి నవ్వాలంటే మా మావయ్యే కావాలి.

అన్నట్టు, చుక్క ఊళ్లోకి తిరిగొచ్చిందని చూపిస్తే మావయ్య ఫోను లాక్కుని రెండు వేళ్లతో పెద్దది చేశాడు. చేశాడు, ఇంకా చేశాడు. "ఇదేంట్రా, చెరువులో పడింది? ఊరంటే రామాలయం కదా!" అన్నాడు. దశాంశం తర్వాత మూడో అంకె ఒకటి మారిస్తే వంద మీటర్లు, నాలుగోది మారిస్తే పది మీటర్లు జరుగుతుందని చెప్పా. "అయితే నాలుగోది నేను చెప్తా, రాసుకో" అని చెప్పులేసుకుని, ఫోను పట్టుకుని రామాలయం వైపు బయల్దేరాడు.