మద్దెల నిజంగానే ఓడు

పోయిన వేసవిలో ఒక డీటీపీ సెంటర్లో కూర్చుని నా పుస్తకం ప్రూఫులు చూసుకుంటున్నాను. పన్నెండు అధ్యాయాలు, పన్నెండు ఫోల్డర్లు. ఆపరేటర్ అమ్మాయి ఆరో అధ్యాయం ముగించి ఏడోది తెరవబోయింది. ఏడోది లేదు. ఆరు తర్వాత ఎనిమిది. రీసైకిల్ బిన్‌లో చూసింది, డెస్క్‌టాప్ మీద చూసింది, పెన్ డ్రైవ్ కూడా పెట్టి చూసింది. నాకు ముచ్చెమటలు పోశాయి. చివరికి ఓనరు వచ్చి సెర్చ్ కొడితే, ఏడో అధ్యాయం ఎనిమిదో అధ్యాయం కడుపులో దొరికింది. క్లిక్ చేసేటప్పుడు ఎప్పుడో మౌస్ కాస్త కదిలింది. ఫోల్డర్ చప్పుడు లేకుండా పక్క ఫోల్డర్లోకి జారుకుంది.

"చూసుకుని చెయ్యాలి కదమ్మా" అన్నాడు ఓనరు. "చెయ్యి జారింది సార్" అంది ఆ అమ్మాయి, దోషం ఒప్పుకుంటున్నట్టు.

రోజుకు ఎనిమిది గంటలు మౌస్ పట్టుకునే చెయ్యి అది. దాన్ని తప్పుపట్టడానికి మనకు నోరెలా వచ్చింది? ఈ విషయంలో మన దగ్గర ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఫైళ్ళను మౌస్‌తో లాక్కెళ్ళి వదలడం పసిపిల్లలకైనా చేతనయ్యే పని అనీ, బల్ల మీది కాగితం తీసి సొరుగులో పెట్టినంత సహజమనీ అంటారు. తేడా వస్తే అది వాడేవాళ్ళ అజాగ్రత్తేనట. సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళయితే ఇంకో మాట కలుపుతారు: "చేతకాకపోతే కీబోర్డ్ షార్ట్‌కట్లు నేర్చుకోండి." ఎదురు చెప్పినవాడికి సామెత సిద్ధంగా ఉంటుంది, ఆడలేక మద్దెల ఓడన్నాడట అని. సామెత మంచిదే. కానీ చెప్పేముందు మద్దెలను ఒకసారి తిప్పి చూడాలి కదా.

ముందు ఆ 'సహజం' సంగతి. కాగితం తీసి సొరుగులో పెడితే అది సొరుగులోనే ఉంటుంది. రెండు కాగితాలు కాదు. తెర మీద అలా కాదు. విండోస్‌లోనూ, మాక్‌లోనూ ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైల్ అక్కడి నుంచి ఇక్కడికి వెళ్ళిపోతుంది. వేరే డ్రైవ్‌లోకి లాగితే పాతది అక్కడే ఉండి కొత్త కాపీ పుడుతుంది. చెయ్యి చేసిన పని ఒకటే, ఫలితాలు రెండు. విండోస్‌లో కంట్రోల్ నొక్కితే కాపీ, షిఫ్ట్ నొక్కితే తరలింపు. మాక్‌లో కాపీకి ఆప్షన్, తరలింపుకు కమాండ్. ఇన్ని షరతులు గుర్తుంచుకుంటే తప్ప కుదరనిది ఏ లెక్కన సహజం?

పైగా 'వేరే డ్రైవ్' అంటే ఏమిటి? మన ఊళ్ళలో అసెంబుల్ చేసి ఇచ్చే కంప్యూటర్లో ఒకే హార్డ్ డిస్క్‌ను సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇవ్వడం మామూలు. డి మీద 'న్యూ వాల్యూమ్' అనే పేరు అలాగే ఉండిపోతుంది. పెట్టె విప్పి చూస్తే డిస్కు ఒక్కటే, విండోస్ లెక్కలో మాత్రం మూడు డ్రైవ్‌లు. పెళ్ళి ఫొటోలు సి నుంచి డికి లాగితే కాపీ అవుతాయి, డిలోనే ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు లాగితే పాత చోట మాయమవుతాయి. డిస్కును ఎలా కోశారో తెలిసినవాడికే ఏది జరుగుతుందో తెలుస్తుంది. మరి ఫొటో స్టూడియో కుర్రాడు డిస్కు కోతల చరిత్ర చదువుకోవాలా?

యంత్రం వైపు నుంచి చూస్తే ఈ నియమానికి అర్థం లేకపోలేదు. ఒకే డ్రైవ్‌లో తరలించినప్పుడు ఫైల్‌లోని సమాచారం కదలదు. ఏ ఫోల్డర్ కింద ఉందో చెప్పే నమోదు మాత్రమే మారుతుంది. ఇల్లు అక్కడే ఉండి పంచాయతీ రిజిస్టర్లో వార్డు నంబరు మారినట్టు. రెప్పపాటు పని. వేరే డ్రైవ్‌కైతే సమాచారమంతా కొత్తగా రాయాలి, సమయం పడుతుంది. కాబట్టి ఈ నియమం డిస్కు అమరికను అనుసరించింది తప్ప, లాగిన మనిషి మనసులో ఏముందో దానికి పట్టదు.

దీనివల్ల ఒక విచిత్రం జరుగుతోంది. పాతది పదిలంగా ఉండే కాపీకి పచ్చగీత నిండుతూ, ఇంకా ఎంతసేపో చెబుతూ పెట్టె ఒకటి తెర మీద ఊరేగుతుంది. ఉన్న చోటు నుంచి ఫైల్‌ను ఎత్తుకుపోయే తరలింపు మాత్రం చడీచప్పుడు లేకుండా ముగుస్తుంది. ఏడో అధ్యాయం వెళ్ళిపోయినప్పుడు తెర ఒక్క మాట అనలేదు.

మొదటి నుంచీ ఇలాగే ఉందనుకుంటే అదీ పొరపాటే. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కీబోర్డ్ మీద 'మూవ్', 'కాపీ' అని విడిగా మీటలుండేవి. ముందు వస్తువును ఎంచుకోవాలి, తర్వాత ఏం చెయ్యాలో మీట నొక్కి చెప్పాలి, ఆ తర్వాత చోటు చూపాలి. 1983లో ఆపిల్ లీసా, 1984లో మాకింటాష్ వచ్చి లాగి వదలడాన్ని ఇంటింటికీ అలవాటు చేశాయి. ఆ సులువులో క్రియాపదం రాలిపోయింది. "ఫైలు, ఆ ఫోల్డర్లో..." అని మనం ఆపేస్తున్నాం, మిగతా వాక్యం యంత్రం తనకు తోచినట్టు పూర్తి చేసుకుంటోంది. కట్, కాపీ, పేస్ట్‌లకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడు లారీ టెస్లర్. ఒకే చర్యకు సందర్భాన్ని బట్టి వేరువేరు అర్థాలుండే 'మోడ్' పద్ధతి మీద ఆయన జీవితమంతా పోరాడాడు. కారు నంబరు ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అని రాయించుకున్నాడు. ఆయన తరహా కట్ పద్ధతిని విండోస్ ఎక్స్‌ప్లోరర్లో చూడండి: కట్ కొట్టిన ఫైల్ పాలిపోతుంది గాని, పేస్ట్ చేసేదాకా ఉన్నచోటు వదలదు. మధ్యలో మనసు మార్చుకున్నా నష్టం లేదు.

ఇక 'చెయ్యి జారడం' సంగతి. మీట నొక్కిపట్టి మౌస్ ఎంత కదిపితే విండోస్ దాన్ని లాగడంగా లెక్కిస్తుందో తెలుసా? మామూలుగా 4 పిక్సెళ్ళు. పాతకాలపు తెర మీద అది ఒక మిల్లీమీటరు. ఈ అంకెను మార్చుకోవాలంటే మామూలు సెట్టింగుల్లో కనబడదు, విండోస్ లోలోపలి సెట్టింగుల పద్దు అయిన రిజిస్ట్రీలోకి దిగి తవ్వుకోవాలి. ఒక మిల్లీమీటరు వణికితే అధ్యాయం ఎగిరిపోయే ఏర్పాటు చేసి, వణికిన వేలిని తిట్టడం న్యాయమా? వయసు మీద పడ్డవాళ్ళ మాటేమిటి? ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద వేలు అంచుకు చేరి ఆగిపోయినవాళ్ళ మాటేమిటి?

లాగడం కష్టమన్నది నా ఒక్కడి గోల కూడా కాదు. 1991లో మెకెంజీ, సెలెన్, బక్స్‌టన్ అనే పరిశోధకులు మౌస్, ట్రాక్‌బాల్, స్టైలస్ మూడింటినీ పరీక్షించారు. ఏ పరికరంతోనైనా గురి చూసి నొక్కడం కంటే లాగడంలోనే పనితీరు తగ్గింది. 2001లో కోరీ ఇంక్‌పెన్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో లాగి వదలడం కంటే ఒకసారి నొక్కి ఎత్తుకుని, మళ్ళీ నొక్కి దించడమే వేగంగా, తక్కువ తప్పులతో సాగింది. పసిపిల్లలకైనా వస్తుందన్న మాట అక్కడే వీగిపోయింది.

"అయితే మానేసి షార్ట్‌కట్లు వాడండి" అనేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు ఫైళ్ళను టాస్క్‌బార్ మీదికి లాగే వీలు తీసేశారు. జనం గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడు మళ్ళీ తెచ్చి పెట్టాల్సి వచ్చింది. జనం లాగుతారు, లాగుతూనే ఉంటారు. కాబట్టి దాన్ని బాగుచెయ్యాలి.

"కంట్రోల్ జెడ్ ఉందిగా" అంటారు ఇంకొందరు. ఉంది. కానీ తప్పు జరిగిందని తెలిసినవాడికే అది పనికొస్తుంది. మా అధ్యాయం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు, దేన్ని వెనక్కి తిప్పమంటారు? ఫోల్డర్ మీదికి లాగినప్పుడు 'ఫలానా చోటికి తరలించు' అని మౌస్ పక్కన చిన్న చీటీ కనిపిస్తుంది, ఆ మేలు కాదనను. కావాలని లాగేవాడికి అది పనికొస్తుంది. తెలియక లాగినవాడు ఆ చీటీ వైపు చూడడు.

మరి లాగినప్పుడల్లా ఏం చెయ్యాలో యంత్రం మనల్నే అడగాలా అంటే, గట్టి అభ్యంతరం ఒకటుంది: ప్రతిసారీ అడిగితే విసుగు పుడుతుంది, చదవకుండానే 'సరే' కొట్టేస్తారు. నిజమే, "ఖచ్చితమేనా?" అని అడిగే పెట్టెలన్నీ అలాగే చచ్చాయి. కానీ "ఖచ్చితమేనా" వేరు, "ఏం చెయ్యమంటావు" వేరు. లినక్స్‌లో కేడీఈ వాళ్ళ ఫైల్ మేనేజర్ డాల్ఫిన్ ఏళ్ళ తరబడి, ఫైల్ వదలగానే తరలించాలా, కాపీ చెయ్యాలా, లింక్ పెట్టాలా, రద్దు చెయ్యాలా అని అడుగుతూ వచ్చింది. రాలిపోయిన క్రియాపదాన్ని అది తిరిగి మన చేతికిస్తుంది. అడగడం ఇష్టం లేదంటారా, తరలించాక చెప్పండి: 'ఏడో అధ్యాయం ఎనిమిదిలోకి వెళ్ళింది, వెనక్కి తేవాలా?' అని తెర అడుగున ఒక పట్టీ వేసి, మనం తీసేదాకా ఉంచండి. పక్కపక్కనే ఉన్న ఫోల్డర్లు ఒకదాంట్లో ఒకటి పడకుండా ఆ 4 పిక్సెళ్ళను పెంచండి. లాగడం అసలు వద్దనుకునేవాళ్ళకు ఆపేసే మీట సెట్టింగుల్లో పెట్టండి.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. విండోస్‌లో కుడి మీట నొక్కిపట్టి లాగితే వదిలిన చోట 'కాపీ', 'మూవ్', 'షార్ట్‌కట్', 'క్యాన్సిల్' అని జాబితా వస్తుంది. ఏళ్ళ తరబడి అది అటక మీద సామానులా పడి ఉంది.

ఆ సాయంత్రం డీటీపీ సెంటర్లో రిజిస్ట్రీ తెరిచి, డ్రాగ్‌విడ్త్, డ్రాగ్‌హైట్ అని ఉన్నచోట 4ను 40 చేశాం. సైన్ అవుట్ అయి మళ్ళీ వచ్చాక ఆ అమ్మాయి ఏడో అధ్యాయం మీద మీట నొక్కి చెయ్యి కావాలనే కొంచెం వణికించింది. ఫోల్డర్ కదల్లేదు. మళ్ళీ వణికించింది, అప్పుడూ కదల్లేదు. వెనక నిలబడి చూస్తున్న ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "ఇంత చిన్న పని, వాళ్ళే చేసి ఇవ్వొచ్చు కద సార్!"