అరుగునది అందుబాటున నుండవలెను

యంత్రమును గూర్చి తీర్పు చెప్పువారు దాని వేగమును, మెఱుగును, వెలను జూచి చెప్పుదురు. చెడినప్పుడు దానిని బాగుచేయుట యెంత సులభమో విచారించువా రరుదు. ఆ విచారణయే ముఖ్యమని నా యభిప్రాయము.

మోటారుకారులో ఆల్టర్నేటరను చిన్న యంత్రము కలదు. ఇంజను త్రిప్పు బెల్టువలన నిది తిరిగి, విద్యుత్తును బుట్టించి, 12 వోల్టుల బ్యాటరీని నింపుచుండును. దీనియందలి బ్రష్షులును బేరింగులును కాలక్రమమున నరుగును. ఇది యెవరి దోషమును గాదు. తిరుగు వస్తువుల స్వభావమే యట్టిది. ఇది పనిచేయుట మానినచో బ్యాటరీ బండిని కొంతదూరము నడిపించి, పిదప తానును ఉడిగిపోవును.

పూర్వపు అంబాసిడరు కారు మూత యెత్తినచో ఇంజను చుట్టును చేయి దూర్చుటకు చోటుండెను. నేటి పెక్కు కారులలో ఇంజను అడ్డముగా నమర్పబడి, శీతలయంత్రపు భాగములు మొదలైనవి దానిని ఇఱికించి యున్నవి. ఆల్టర్నేటరు వెనుకనో క్రిందనో దాగియుండును. కొన్నింటిలో దానిని జేరుటకు ముందుచక్రమును, లోపలి రేకును, మఱికొన్నింటిలో రేడియేటరు పంకాను గూడ విప్పవలయును. నిర్మాతలకును కారణములు లేకపోలేదు. కూర్చుండువారికి చోటు పెరుగవలెను. ఢీకొన్నప్పుడు ప్రాణములు నిలువవలెను. ఇవి మంచి కారణములే. కాని కర్మాగారమున నొకసారి మిగిలిన చోటునకు బండి యజమాని మాటిమాటికి మూల్యము చెల్లించుచున్నాడు.

శివరాత్రికి యాత్రికులను దెచ్చిన కిరాయికారు మన శ్రీముఖలింగమున నిట్లు నిలిచిపోయినదనుకొనుడు. వస్తువు చిన్నదే; దానిని జేరు దారియే పెద్దది. ఆ దారి విప్పి మరల బిగించునంతలో డ్రైవరుకు దినపు సంపాదన పోవును.

వంశధార యొడ్డున తిరుగు ఎడ్లబండిని జూడుడు. చక్రమును నిలుపు సీల ఇరుసు కొనయందు బయటనే యుండును. దానిని దీసి కందెన వేయుటకు బండివాడు మఱియొకరిని బిలువ నక్కఱలేదు. అరుగునదేదో వడ్రంగి ముందే యెఱిగి, దానిని చేతికందునట్లు పెట్టెను.

విడిభాగములను దాచుటయు నిట్టి దోషమే. వానిని బయటి మెకానిక్కులకు అందనీయలేదని 2014లో కాంపిటీషను కమిషను 14 కారు సంస్థలపై దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2022లో కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించెను. ఈ హక్కు విడిభాగములతో ముగియరాదు. భాగము నమర్చు చోటునకును వర్తింపవలెను.

తల్లిదండ్రులకు నొక మనవి. మెకానిక్కు కూలి నాక్షేపింపకుడు. విప్పిన ప్రతి మరను మరల దాని చోటనే బిగించుటయు పనియే. అయితే విప్పుటకు ముందు పరీక్ష చేయింపుడు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ కొనలవద్ద దాదాపు 14 వోల్టులున్నచో లోపము వేఱొకచోట నుండవచ్చును.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు యంత్రములను నిర్మింతురు. కాగితముపై గీత గీయునప్పుడు, ఎండలో రోడ్డుప్రక్కన ఆ యంత్రము క్రింద పరుండి పనిచేయువాని చేతికి చోటుంచుడు.